కారణం: నవ్వు

లారీ ఇంకా కాటా మీదికి పూర్తిగా ఎక్కలేదు. వెనక చక్రం ఒకటి అంచు మీదే ఉంది. "ముందుకి… ఇంకాస్త ముందుకి… ఆపు! క్లీనర్ని దిగమను" అని కిటికీలోంచి అరుస్తూ దయాసాగర్ చేతిలోని ఫోను చూశాడు. చూసి లారీ సంగతి మర్చిపోయాడు.

"మీ సంరక్షణలో ఉన్న వ్యక్తికి ఆయాసం వచ్చింది. రిలీవర్ వాడారు. కారణం: నవ్వు."

మీ సంరక్షణలో ఉన్న వ్యక్తి అంటే అతని భార్య సువర్ణమ్మ. ఆమెకి ఉబ్బసం, దాంతోపాటు ఒళ్ళు. బరువు కాస్త తగ్గితే ఆయాసమూ తగ్గుతుంది, రెండూ కలిపి చూసుకోండి అని చెప్పి ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఆమె ఫోనులో యాప్ ఒకటి వేయించింది. దాన్ని దయాసాగర్ ఫోనుకి కలిపింది. రోజువారీ పంపు పీల్చినా, ఆయాసం వచ్చి నీలం పంపు, అదే రిలీవర్, పీల్చినా, అన్నం తిన్నా సువర్ణమ్మ అందులో నొక్కాలి. ఆయాసమని నొక్కగానే ఇక్కడ కాటా గదిలో అతని ఫోను టింగుమంటుంది.

ఆయాసానికి కారణాలు యాప్ లో వరసగా ఉంటాయి. దుమ్ము, పొగ, చలిగాలి, జలుబు, ఘాటు వాసన, మెట్లెక్కడం. అన్నిటికన్నా అడుగున నవ్వు. దాన్ని మొదటిసారి చూసినప్పుడే, ఇది పెట్టినవాడెవడో పనీపాటా లేనివాడనుకున్నాడు దయాసాగర్.

"తూకం అయ్యిందా బాబూ?" లారీ డ్రైవరు కిందనుంచి అడిగాడు.

అంకెలు ఎప్పుడో నిలబడి ఉన్నాయి. దయాసాగర్ చీటీ కొట్టి ఇచ్చాడు. నర్సీపట్నం చుట్టుపక్కల అతని కాటాకి మంచి పేరుంది. చెరకు బండైనా సరుగుడు లారీ అయినా అతని కళ్ళు గప్పి కిలో అటూ ఇటూ చెయ్యలేరు. సరుకుతో ఉన్న బండిని తూస్తే లోడు తూకం, సరుకు దింపి మళ్ళీ తూస్తే ఖాళీ తూకం. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే నిజం బయటపడుతుంది. లోకంలో నిజాలన్నీ ఇలాగే బయటపడతాయని అతని నమ్మకం. పాపం, ఇన్నాళ్ళూ బయటపడుతూనే ఉన్నాయి కూడా.

నవ్వు మాత్రం ఏ పళ్ళెంలోనూ పడలేదు. సువర్ణమ్మ మధ్యాహ్నం పూట జీడిపప్పు షెడ్డులో ఉంటుంది. షెడ్డులో నవ్వేముంది? నవ్విందే అనుకో, ఆయాసం వచ్చేంతగా ఎవరితో నవ్వింది? తరవాత వచ్చిన రెండు బళ్ళనీ దయాసాగర్ అన్యమనస్కంగానే తూచాడు. కుర్చీలో కూర్చోలేక లేచాడు, లేచి ఏం చెయ్యాలో తెలీక మళ్ళీ కూర్చున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి సువర్ణమ్మ మెంతికూర కోస్తోంది. కొడుకు గాజువాకలో వెల్డింగు పనిలో ఉండటంతో ఇంట్లో ఇద్దరే. దయాసాగర్ కాళ్ళు కడుక్కుని, మంచం కిందినుంచి తూకం మిషను బయటికి లాగాడు. అదీ ఫోనుకి కలిపే ఉంటుంది.

"రా."

ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"సెప్పులు."

విప్పింది.

"గాజులు."

తీసి కిటికీలో పెట్టింది. మిషను ఎక్కి గోడకేసి చూస్తూ నించుంది. అంకె పైకీ కిందికీ కొట్టుకుంటోంది.

"కదలకు."

"కదల్లేదండి."

"మరి అంకె ఎందుకు ఆడతంది? ఊపిరి గట్టిగా తియ్యకు. కాసేపు ఆపు."

ఆమె ఊపిరి బిగబట్టింది. అంకె నిలబడింది. పొద్దుటి కంటే కొంచెం ఎక్కువ చూపించింది. దయాసాగర్ ఏమీ అనలేదు. అన్నం దగ్గర మాత్రం ఆమె కంచం తనే తీసుకుని వడ్డించాడు. తినేవాళ్ళ ముద్దలు లెక్కపెట్టకూడదని అతని తల్లి చెప్పేది. ఆవిడ కాలంలో యాప్ లు లేవు కదా అని సర్ది చెప్పుకున్నాడు.

"ఇయ్యాళ షెడ్డులో నవ్వేవా?" అన్నాడు, కూర కలుపుకుంటూ.

సువర్ణమ్మ చెయ్యి కంచంలో ఆగింది. "ఏలు తగిలీసుంటదండి."

"ఏలు తగిల్తే దుమ్ముకి తగలాలి, పొగకి తగలాలి. అన్నిటికన్నా అడుగునున్న దానికి ఎలా తగుల్తుంది?"

ఆమె మజ్జిగ గిన్నె అతని వైపు జరిపింది. దయాసాగర్ కి అసలు బాధ అప్పుడు మొదలైంది. ఈ ఇంట్లో ఆమె నవ్వగా ఆఖరిసారి ఎప్పుడు విన్నాడో గుర్తు తెచ్చుకోబోయాడు. చిరునవ్వులు ఉన్నాయి, పాస్టరుగారు వచ్చినప్పుడు నవ్వే మర్యాద నవ్వులున్నాయి. ఊపిరాడనంత నవ్వు ఎంత వెతికినా దొరకలేదు.

మర్నాడు మళ్ళీ టింగుమంది. కారణం: నవ్వు. ఆ పై రోజు కూడా అదే.

ఇంక ఆగలేకపోయాడు. సాయంత్రం డ్యూటీకి వచ్చే సింగన్నకి ఫోను చేసి, బేగి రా అని కాటా అప్పగించి, బండి తీశాడు. మాకవరపాలెం రోడ్డులో జీడిపప్పు షెడ్డు. పొట్టు దుమ్మేమో చూసొద్దాం అని దారంతా తనకి తానే చెప్పుకున్నాడు. దుమ్ము కోసం వెళ్ళేవాడైతే బండి రోడ్డు మీదే ఆపి చప్పుడు చెయ్యకుండా నడిచి వెళ్ళడు.

షెడ్డు పక్కన కిటికీ వారగా జీడిగింజల బస్తాలు పేర్చి ఉన్నాయి. లోపల పొడుగాటి బల్ల చుట్టూ ఆడవాళ్ళు పప్పు ఏరుతున్నారు. గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు. కళ్ళెత్తకుండా వేళ్ళు వాటంతటవే పోతున్నాయి. దుమ్మూ లేదు, పొగా లేదు. బస్తాల చాటున నిలబడ్డ దయాసాగర్ కి ఒక మగగొంతు వినిపించింది.

"ముందుకి… ఇంకాస్త ముందుకి… ఆపు!"

అది అతని గొంతే. ముక్కులోంచి వచ్చే ఆ సాగదీత, ఆపు అన్నప్పుడు ఆ విరుపు, అంతా అతనిదే. తొంగి చూశాడు. బల్ల చివర్న సువర్ణమ్మ. చేతిలో బద్దలు చేతిలోనే ఉన్నాయి, మెడ మాత్రం కాటా కిటికీలోంచి చాచినట్టు ముందుకి చాచింది.

"సెప్పులిప్పు. గాజులు తియ్యి. సెవుల దుద్దులు? అవీ తియ్యి, కాసింత ఉంటాయి కదా. కదలకు. ఊపిరి తియ్యకు, అంకె ఆడతంది. తియ్యకన్నానా? ఆఁ, లోడు తూకం వచ్చీసింది!"

బల్ల చుట్టూ నవ్వులు. రాజులమ్మని దయాసాగర్ ఎరుగును, షెడ్డులో అందరికన్నా పెద్దావిడ. కళ్ళు తుడుచుకుంటూ అడిగింది. "ఒలమ్మా, లోడు తూకం అయ్యింది. మరి ఖాళీ తూకం ఎప్పుడే?"

"అదా పెద్దమ్మా?" అతని గొంతుతోనే అంది సువర్ణమ్మ. "ఊపిరి పోయేక తీస్తాం. అప్పుడైతే అంకె ఆడదు."

నవ్వు ఒక్కసారిగా లేచింది. సువర్ణమ్మ కూడా నవ్వింది. ఒళ్ళంతా కదిలేలా, తల వెనక్కి పోయేలా నవ్వింది. పాతికేళ్ళు కాపురం చేసినా, ఆమె పళ్ళలో వెనకది ఒకటి లేదన్న సంగతి దయాసాగర్ ఆరోజే చూశాడు.

నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగలేదు. ఆమె బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగింది, ఊపిరి లోపలికి పోతుంటే సన్నగా ఈల. ఆడవాళ్ళు కంగారు పడలేదు. ఒకామె పక్కకి జరిగి గాలి ఆడనిచ్చింది. రాజులమ్మ సంచిలోంచి నీలం పంపు తీసి ఊపి చేతికిచ్చింది. సువర్ణమ్మ పీల్చింది, ఆగింది, మళ్ళీ పీల్చింది. తరవాత ఫోను అందుకుని నొక్కింది.

బస్తాల చాటున దయాసాగర్ జేబులో టింగుమంది.

లోపలికి వెళ్ళాలి. భార్యకి ఊపిరాడటం లేదు, వెళ్ళకపోతే ఎలా? కానీ వెళ్తే అంతా విన్నానని ఒప్పుకోవాలి. కాలు ముందుకి పడలేదు. ఫోను గట్టిగా అదిమిపట్టుకుని, షెడ్డు చుట్టూ తిరిగి ముందు గదిలోకి వెళ్ళాడు. అక్కడ సూపర్వైజరు కొండబాబు డబ్బాలకి లేబుళ్ళు అంటిస్తున్నాడు.

"కొండబాబు గారూ, మా ఆవిడికి ఉబ్బసం అని మీకు తెలుసు కదా. నవ్వితే ఎక్కువవుతోందండి. నవ్వు పనికిరాదని డాక్టరు గారు గట్టిగా చెప్పారు."

డాక్టరు గారు అలాంటి మాట అననే లేదు.

"నవ్వు నాలుగు విధాల సేటని ఊరికే అన్నారా" అన్నాడు కొండబాబు. "ఆ బల్ల కాడ మహా కబుర్లు లెండి. గోడవార విరిగిన పప్పు ముక్కల బల్ల ఒకటుంది, ఒక్కర్తే కూకుని ఏరుకోవాలి. రేపట్నించి అక్కడ కూకోబెట్టెత్తాను."

దయాసాగర్ థాంక్స్ చెప్పి వచ్చేశాడు. భార్య మీద ప్రేమతో చేశాడా, మనసు గాయపడి చేశాడా అంటే రెండూ ఉన్నాయి. ఏది ఎక్కువో తూచే కాటా అతని దగ్గర లేదు, ఉన్నా ఆరోజు దాని మీదికి ఎక్కేవాడు కాదు.

మర్నాడు ఫోను టింగుమనలేదు. ఆ మర్నాడూ లేదు. ఎర్ర గీతలు పోయి వరసగా పచ్చ గీతలు వచ్చాయి. "అభినందనలు! మీ సంరక్షణ ఫలిస్తోంది" అని యాప్ ఒక పువ్వు కూడా పంపింది. దయాసాగర్ దాన్ని సింగన్నకి చూపించాడు, చెరకు బండి వాడికి చూపించాడు, ఆదివారం చర్చిలో పాస్టరుగారికి చూపించి మెచ్చుకోలు అందుకున్నాడు.

ఇంటి దగ్గర మాత్రం ఏదో తేడాగా ఉంది. సాయంత్రం అతను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి సువర్ణమ్మ తనే మిషను బయటికి లాగి ఉంచుతోంది. అడక్కుండానే గాజులు తీస్తోంది. అంకె ఒక్క క్షణం కూడా ఆడటం లేదు, ఎక్కేముందే ఊపిరి బిగబడుతోంది కనక. కంచంలో ఎంత వేస్తే అంత తిని లేస్తోంది. షెడ్డులో చోటు మారిందని చెప్పలేదు. ఎందుకు మార్చారని అడగనూ లేదు.

"ఆయాసం తగ్గింది కదా?" అన్నాడు ఒకరోజు, ఉండబట్టలేక.

"మీ ఫోనులో లేదా?" అంది.

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. ఇల్లంతా తిరిగాడు, టీవీ పెట్టాడు, తీసేశాడు. పచ్చ గీతలు మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు. ఎందుకో ఈసారి అవి ధైర్యం ఇవ్వలేదు.

సోమవారం పొద్దున్న రాజులమ్మ షెడ్డుకి పోతూ పోతూ కాటా దగ్గర ఆగింది. చేతిలో టిఫిను గిన్నె. కిటికీ దగ్గరికి వచ్చి నించుంది.

"ఏటి పెద్దమ్మా?"

"ఏటీ నేదు బాబు. మా పిల్లని గోడకి కట్టీసేరు, మంచి పని సేసేరు. అడుగుదామని వచ్చేను, మీకు నిద్దర పడతందా?"

దయాసాగర్ కి మొహం వేడెక్కింది. "ఆయాసం తగ్గాలనే కదా చెప్పింది. తగ్గింది కూడా. యాప్ లో చూడండి, ఒక్కసారి కూడా రాలేదు."

"రాలేదేటి?" రాజులమ్మ గొంతు పెంచింది. "నిన్న కాదు మొన్న పీక పట్టుకుని గోడకానుకుంది. నానే ఎల్లి ఈపు రాసేను. పొట్టమీద సెయ్యేసుకుని అలా ఈల ఏత్తానే ఉంటాది. నవ్వకపోయినా వత్తంది బాబు! ఆ ఫోను నొక్కడం మానీసిందంతే. నొక్కవేటే అంటే, నొక్కితే ఆయనకి తెలుస్తాది పెద్దమ్మా, గోడకాడికి పంపేరు, ఈపాలి ఇంట్లోనే కూకోబెట్టెత్తారు అంది. ఈ పనొక్కటే దానికి పేణం. అదీ తీసెత్తారా?"

వెనక ట్రాక్టరు హారను కొట్టింది. రాజులమ్మ పక్కకి తప్పుకుంది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "అది మీ గొంతు సేస్తాదని కోపమా? మా ఆయన గొంతు నాను సేస్తాను, మహా బాగుంటాది" అని వెళ్ళిపోయింది.

దయాసాగర్ ట్రాక్టరు తూకం తప్పు కొట్టాడు. చీటీ చింపి మళ్ళీ కొట్టాడు.

గురువారం డాక్టరమ్మ వైజాగ్ నుంచి వచ్చే రోజు. అప్పటిదాకా అతని ప్రాణం కుదురుగా లేదు. ఇంట్లో భార్య వంగి ఏదైనా తీస్తుంటే చెవి అటే పడేది. ఈల వినిపించేది. ఇన్నాళ్ళూ ఫోను టింగుమనడం కోసమే చూశాడు కానీ పక్కనే ఉన్న మనిషి ఊపిరి వినలేదు.

క్లినిక్కులో డాక్టరమ్మ ముందు యాప్ చూసింది. "అన్నీ పచ్చగానే ఉన్నాయే, బాగుంది" అంది. స్టెతస్కోపు వీపు మీద పెట్టాక ఆ మాట మళ్ళీ అనలేదు. ఒక గొట్టం ఇచ్చి గట్టిగా ఊదమంది. లోపలి ముల్లు కొంచెం లేచి ఆగిపోయింది. మళ్ళీ ఊదించింది. అంతే.

"రోజూ పీల్చాల్సిన గోధుమరంగు పంపు తెచ్చారా?"

సువర్ణమ్మ సంచిలోంచి తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని తిప్పి వెనకున్న అంకె చూసి, భర్త మొహం చూసింది. "ఇది నిండుగా ఉంది. వాడటం లేదా?"

"వాడుతోందండి" అన్నాడు దయాసాగర్. "నెలనెలా నేనే తెస్తున్నాను. యాప్ లో రెండు పూటలా టిక్కు ఉంది చూడండి."

"టిక్కు పెడతన్నానండి" అంది సువర్ణమ్మ నేలకేసి చూస్తూ. "పీల్చడం లేదు."

"ఎందుకమ్మా?"

ఆమె పంపు వెనక్కి తీసుకుని సంచిలో పెట్టింది. తరవాత డాక్టరమ్మతోనే చెప్పింది, భర్త గదిలో లేనట్టుగా.

"అందులో స్టెరాయిడ్ ఉందటండి. దానివల్ల ఒళ్ళొస్తుందని ఈయనే ఫోనులో చదివి వినిపించేరు. వినిపించి, అయినా డాక్టరు చెప్పేరు కదా వాడు అన్నారు. ఎలా వాడనండి? పొద్దునా సాయంత్రం తూకం ఎక్కాలి. అంకె పెరిగితే ఈయన ఏటీ అనరు. అనరు గానీ ఆపూట అన్నం తనే వడ్డిస్తారు." ఆమె సంచి ఒళ్ళోకి లాక్కుంది. "ఊపిరాడకపోతే ఓర్సుకోవచ్చండి. అది ఓర్సుకోలేకపోయేను."

దయాసాగర్ తన ఫోను తీసి బల్ల మీద బోర్లించాడు. సిగ్గుతో చెవులు గుయ్యిమన్నాయి.

డాక్టరమ్మ కేకలేమీ వెయ్యలేదు. పంపులో ఉండే మందు చాలా కొద్దిగానని, అది ఊపిరితిత్తుల్లోకే పోతుందని, దాంతో ఒళ్ళు రాదని సువర్ణమ్మకి ఓపిగ్గా చెప్పింది. పీల్చాక నోరు పుక్కిలించమంది. రెండు వారాలు మానకుండా పీలిస్తే తేడా తెలుస్తుందంది. బరువు వారానికోసారి చూస్తే చాలు, అదీ ఆమే చూసుకుంటుంది, ఎవరూ పక్కన నించోనక్కర్లేదు అంది. దయాసాగర్ ఫోను తీసుకుని ఏదో నొక్కి తిరిగి ఇచ్చింది. భార్య ఫోనుతో ఉన్న లంకె తెగిపోయింది.

"ఇంకో మాటండి" అన్నాడు దయాసాగర్. చెప్పకుండా వెళ్ళిపోవచ్చు, ఎవరికీ తెలీదు. "నవ్వితే ఆయాసం వస్తోందని… షెడ్డులో చెప్పి నవ్వకుండా చేశాను. తప్పా?"

సువర్ణమ్మ తలెత్తింది. అతని పనేనని ఆమెకి తెలుసు. అతని నోట వినడం ఇప్పుడే.

"నవ్వినా ఆయాసం వస్తోందంటే లోపల వాపు అదుపులో లేదని అర్థమండి" అంది డాక్టరమ్మ. "అప్పుడు మందు సంగతి చూడాలి. నవ్వు ఆపితే ఏమొస్తుంది? నీలం పంపు దగ్గర పెట్టుకుని ఎంత నవ్వితే అంత నవ్వనివ్వండి."

బయటికి వచ్చి ఇద్దరూ బండెక్కారు. బండి మీద వెనక కూర్చున్న సువర్ణమ్మ అతని భుజం పట్టుకోలేదు, సీటు కింద ఇనప కడ్డీ పట్టుకుంది.

మర్నాడు షెడ్డు దగ్గర ఆమెని దించాక దయాసాగర్ బండి స్టాండు వేసి వెనకాలే లోపలికి వెళ్ళాడు. కొండబాబుని ముందు గదిలోనే పట్టుకుని నెమ్మదిగా చెప్పెయ్యొచ్చు. దారంతా అలాగే అనుకున్నాడు. కానీ కొండబాబు పప్పు ఏరే బల్ల దగ్గరే ఉన్నాడు, ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. సువర్ణమ్మ ఎవరికేసీ చూడకుండా గోడవారకి నడిచి వెళ్ళి కూర్చుంది.

"కొండబాబు గారూ, ఆవిణ్ణి మళ్ళీ ఈ బల్ల దగ్గరే కూచోబెట్టండి."

"డాక్టరు గారు నవ్వొద్దన్నారని మీరే గదండీ సెప్పేరు?"

వేళ్ళన్నీ ఆగాయి. పప్పు చప్పుడు కూడా లేదు.

"డాక్టరు గారు చెప్పలేదు" అన్నాడు దయాసాగర్. "నేనే చెప్పేను. ఆ కిటికీ దగ్గర నించుని విన్నాను. విని వచ్చి మీకు అబద్ధం చెప్పేను."

కొండబాబు కిటికీకేసి చూశాడు, సువర్ణమ్మకేసి చూశాడు. "అయితే వచ్చీమ్మా" అన్నాడు. రాజులమ్మ తన ముక్కాలిపీట కొంచెం జరిపింది. ఆ పక్కామె కూడా జరిగింది. సువర్ణమ్మ లేచి వచ్చి ఆ ఖాళీలో కూర్చుని పప్పు కుప్ప దగ్గరికి లాక్కుంది. అతనికేసి చూడలేదు. కొండబాబు లేబుళ్ళ పనికి వెళ్ళిపోయాడు.

దయాసాగర్ నించునే ఉన్నాడు. ఏదో ఒకటి జరుగుతుందనుకున్నాడు. ఎవరో ఒకరు ఏదో అంటారు, అందరూ నవ్వుతారు, తనూ నవ్వేస్తాడు, అయిపోతుంది. ఎవరూ నవ్వలేదు. వేళ్ళు పోతున్నాయి, గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు. సువర్ణమ్మ మెడ వంచుకుని ఏరుతోంది. ఊపిరి బిగబట్టి ఉందని అతనికి ఇక్కణ్ణించే తెలుస్తోంది.

"ఇంకేటి బాబు?" అంది రాజులమ్మ.

"ఏం లేదు" అన్నాడు.

బయటికి వచ్చాడు. గుమ్మం దాటాక చెవి వెనక్కే పడింది. లోపల ఇంకా నిశ్శబ్దమే. తను ఏ బస్తా చాటునో ఉన్నాడని అనుకుంటున్నారు, అలా అనుకునేలా చేసింది తనే.

దయాసాగర్ బండి ఎక్కి స్టార్టు చేశాడు. షెడ్డు లోపలిదాకా వినబడేలా రెండుసార్లు రైజు చేశాడు. హారను కూడా కొట్టాడు. తరవాత మాకవరపాలెం రోడ్డెక్కి, ఎక్కడా ఆగకుండా, నిజంగానే వెళ్ళిపోయాడు.